సొరంగంలో సిగ్నల్ ఉండదు

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. చీకటి పడగానే బోగీలో పిల్లలంతా ఒక్కపెట్టున కేక పెట్టారు. ఆ కేకల మధ్య మా ఆయన గొంతు ఒక్కటే వేరే శ్రుతిలో వినపడుతోంది. "హలో... హలో... నేను చెప్పేదేంటంటే, ఆ రిలీజు సోమవారం దాకా ఆపండి. హలో?" రైలు వెలుగులోకి వచ్చింది. ఫోను మాత్రం కట్టయింది. ఆయన మళ్లీ నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకునేలోపు ఇంకో సొరంగం నోరు తెరుచుకుని ఎదురొచ్చింది. మళ్లీ కేకలు. మళ్లీ హలో హలో.

విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండూల్ పాసింజరు అది. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను. ఈ దారిలో 58 సొరంగాలున్నాయని చెబుతారు. మావాడు వేళ్లమీద లెక్కపెట్టడం మొదలెట్టి, పదహారో పదిహేడో అయ్యాక జామకాయలమ్మి రావడంతో లెక్క తప్పాడు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది, మాకు అందులో టికెట్లు దొరకలేదు. ఒకందుకు మంచిదే. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది.

త్యాడ దగ్గరకొచ్చేసరికి సిగ్నల్ పూర్తిగా పోయింది. మా ఆయన ఫోను జేబులో పెట్టుకుని, చాలాసేపటికి బయటికి చూశారు. "ఇదేంటి, ఇక్కడింత లోయ ఉందా?" అన్నారు. ఆయన పుట్టి పెరిగింది వాల్తేరు రైల్వే క్వార్టర్సులో. చిన్నప్పుడు ఈ రైలు ఎన్నిసార్లు ఎక్కారో లెక్కే లేదు. అత్తయ్య నా వైపు చూసి, "వీడికి ఇప్పుడు కనపడింది" అంది.

మేం ఐదుగురం. నాకు 48, ఆయనకి 51. ఇంజినీరింగ్ రెండో ఏడాది అమ్మాయి, తొమ్మిదో తరగతి కుర్రాడు, విశాఖలో మాతో కలిసిన అత్తయ్య. ఆవిడకి డెబ్బై ఆరు. సామాన్లలో మందుల డబ్బాలు మూడు, చార్జర్లు ఏడు, లాప్‌టాప్‌లు రెండు. రెండో లాప్‌టాప్ నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. నెలరోజులుగా నానుతున్న ఒక వ్యాసాన్ని కొండమీద చల్లగాలిలో పూర్తి చేసేద్దామనుకున్నాను. దాంతోపాటు చదవని పుస్తకాలు రెండు, ఎప్పుడూ వేసుకోని వాకింగ్ బూట్లు ఒక జత. ఇంట్లో చేయలేకపోయిన మంచిపనులన్నిటినీ పెట్టెలో సర్దుకుని బయల్దేరే వయసిది.

డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్ అనే ఆర్థికవేత్త 132 దేశాల లెక్కలు తిరగేసి, మనిషి సంతోషం అడుగుని తాకే వయసు మనలాంటి దేశాల్లో 48 దగ్గర అని 2020లో చెప్పాడు. నా పుట్టినరోజు నాడు ఎవరో ఈ వార్తని కేకు బొమ్మతో సహా వాట్సాప్‌లో పంపారు. ఎందుకలా అంటే చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు. ఒకవైపు పిల్లల ఫీజులు, ఇంకోవైపు పెద్దవాళ్ల మోకాళ్లు, మధ్యలో మన రిపోర్టులు. ఆఫీసులో చూస్తే, కింద పాతికేళ్లవాళ్లు మనకంటే వేగంగా ఉంటారు, పైవాళ్లు మనల్నింకా కుర్రాళ్లనే అనుకుంటారు. ఇలాంటి మనిషికి ఐదు రోజుల సెలవు దొరికితే దానిమీద ఎన్ని ఆశలు వాలతాయో!

పదిహేడు స్పాట్లు, ఒక కుక్కరు

ప్రయాణానికి నెల ముందే మా ఆయన ఎక్సెల్ షీటు వేశారు. ఐదు రోజులు, పదిహేడు స్పాట్లు. బొర్రా గుహలు పసుపు, చాపరాయి నీలం, పద్మాపురం తోట ఆకుపచ్చ, కాఫీ మ్యూజియం గోధుమరంగు. తెల్లవారుజామున లంబసింగి మంచు కూడా అందులోనే. లంబసింగి అరకు పక్కవీధిలో లేదు మహాప్రభో అని నేను మొత్తుకున్నా ఆ గడి అలాగే ఉండిపోయింది.

నవ్వుకున్నాను గానీ, ఆ షీటు వేసిన రాత్రులు ఇంట్లో వాతావరణం బాగుందన్నది నిజం. నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. సెలవులకి వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకంటే ముందునుంచే సంతోషంగా ఉన్నారట. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా కనపడలేదట, ఒక్క రకం వాళ్లకి తప్ప. 'చాలా విశ్రాంతిగా గడిచింది' అని చెప్పినవాళ్లకి ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు ఆ హాయి నిలిచింది. కొద్దిగా విశ్రాంతి దొరికినవాళ్లకి అదీ లేదు. కాబట్టి షీటు వేసుకోండి, రంగులూ పూసుకోండి. పండక్కి నాలుగు రోజుల ముందు వంటింట్లోంచి వచ్చే బెల్లంపాకం వాసన లాంటిదది. షీటు వేసినందుకు పదిహేడు చోట్లకీ తిరిగి తీరాలని మాత్రం ఎక్కడా రాసిపెట్టి లేదు.

అత్తయ్య ప్లాను వేరు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, కేజీన్నర బియ్యం, కరివేపాకు కారం, నెయ్యి, గోంగూర, చింతకాయ. "అక్కడ అన్నం ఎలా ఉంటాదో ఏటో" అన్న ఒక్క మాటమీద ఒక సంచి తయారైంది. కుక్కరు వెంట వచ్చిందంటే దాని వెనకే గిన్నెలు కడగడం వస్తుంది, మధ్యాహ్నం పన్నెండుకల్లా గదికి చేరాలన్న తొందర వస్తుంది. తాళం వేసే హడావిడిలో మరిచిపోయినట్టు నటించి కుక్కరుని విశాఖ ఇంట్లో వదిలేశాను. అత్తయ్యకి ఇప్పటికీ తెలియదు. ఈ పత్రిక ఆవిడ చదువుతుంది. చదవనీ.

సెలవంటే ఎవరికి నమ్మకం?

మొదటిరోజు రాత్రి గెస్ట్‌హౌస్‌లో అందరూ పడుకున్నాక ఒంటిగంటప్పుడు మెలకువొచ్చింది. నీలం వెలుగు. ఆయన దుప్పటి కప్పుకుని మంచం చివర కూర్చుని టైపు చేస్తున్నారు. బయట చలి, లోపల కీబోర్డు చప్పుడు. "ఒక్క పది నిమిషాలు" అన్నారు. సెలవులో ఆఫీసు పని ఎప్పుడూ పది నిమిషాలే. అలాంటి పది నిమిషాలు రోజుకి ఇరవై ఉంటాయి. పని చేసినట్టూ ఉండదు, మానినట్టూ ఉండదు.

ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు అయ్యాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కుకి చట్టం ఉంది. మన లోక్‌సభలో 2018లో ఒక సభ్యురాలు ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అయినా మన దగ్గర సమస్య అంతా చట్టం లేకపోవడం వల్ల వచ్చింది కాదేమో. సెలవు వాడుకోవడం అంటేనే మనకి చిన్నతనం. దాచుకోవడం గొప్ప. కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఆర్జిత సెలవులు 300 రోజుల దాకా కూడబెట్టి రిటైరయ్యేటప్పుడు డబ్బు చేసుకోవచ్చు. మా మామయ్య రైల్వేలో ఆ పనే చేశారు. పాసులు వాడేవారు, సెలవు మాత్రం దాచేవారు. అందుకే రామేశ్వరమైనా, ఢిల్లీ అయినా మూడు రోజుల్లో ముగించుకుని పరుగెత్తుకొచ్చేవారట.

మన దేశంలో ఒక్కచోట మాత్రం అసలు సిసలైన సెలవు రూలు ఉంది. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, ఏకబిగిన కనీసం పది పనిదినాలు సెలవులో పంపాలని రిజర్వు బ్యాంకు 2021 జులైలో చెప్పింది. ఆ పది రోజులూ అందరికీ ఉండే ఆఫీసు ఈమెయిలు తప్ప పనికి సంబంధించిన దేన్నీ ముట్టుకోనివ్వకూడదు. ఇదంతా ఉద్యోగి ఆరోగ్యం కోసమనుకునేరు. సీటులో మనిషి లేనప్పుడు ఏదైనా గోల్‌మాల్ ఉంటే బయటపడుతుందని! మా తోడికోడలికి అలాంటి సెలవు తగిలింది. "మొదటి రెండు రోజులూ ఏదో తప్పు చేసి ఇంట్లో కూర్చున్నట్టుందక్కా. మూడోరోజు మధ్యాహ్నం పడుకున్నాను చూడు, దీపాలు పెట్టే వేళకి లేచాను" అంది. దొంగల్ని పట్టడానికి పెట్టిన రూలు నిద్రపోవడానికీ పనికొచ్చింది.

ఇక్కడ నాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న ఇంటివాళ్లనీ, పెద్ద పరివారాన్నీ వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరాడు. 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. పదిహేను నెలలకి పైగా! అప్పటికాయన వయసు యాభై అటూ ఇటూ. మన వయసే. ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఏ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయో, ఏ సరుకు దొరుకుతుందో, జనం ఏ భాష మాట్లాడతారో, దారి ఎలా ఉందో అన్నీ రాసి మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. కోర్టు కాగితాలు ఇంటి దగ్గర, కలం మాత్రం వెంట. ఆ పుస్తకంలో నాకు నచ్చే మాట 'మజిలీ'. ఇన్నామళ్లు నడిచాం, ఫలానా చోట దిగాం, వండుకున్నాం, పడుకున్నాం. ప్రయాణాన్ని ఆగిన చోట్లతో కొలిచేవారు. మన షీటులో ఉన్నవి స్పాట్లు, ఒక్క మజిలీ లేదు.

లాప్‌టాప్ సంచిలో బీపీ బిళ్లలు

రెండోరోజు పొద్దున్న పెద్ద పంచాయితీ. పిల్లలు సాక్షులు, అత్తయ్య పెద్దమనిషి. తీర్పు: రెండు లాప్‌టాప్ సంచులూ గదిలోని బీరువాలో పెట్టి తాళం వేయాలి, తాళంచెవి అమ్మాయి దగ్గర ఉంటుంది. మా ఆయన వీరుడిలా ఒప్పుకున్నారు. ఆ రోజు నిజంగానే బాగా గడిచింది. చాపరాయి దగ్గర నున్నటి బండమీద నీళ్లు జారుతుంటే కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. దారి పక్కన బొగ్గులమీద వెదురు బొంగులు వరసగా ఆనించి ఉన్నాయి. అమ్మేవాడు ఒకదాన్ని తీసి, ఆకు మూత లాగి, విస్తట్లో కుమ్మరించాడు. మసాలా పట్టిన కోడిముక్కలు, ఆవిరి, పచ్చి వెదురు వాసన. నూనె చుక్క లేదు. ఐదు రోజుల్లో మేం తిన్నవాటిలో డాక్టరు ఒప్పుకునే తిండి బహుశా అదొక్కటే.

మిగతాదంతా గెస్ట్‌హౌస్ బఫే. పొద్దున్న బఫే ముందు తెలుగువాడి బుద్ధి పనిచేయదు. "డబ్బులిచ్చాం కదా" అన్నది మెదడులో మోగుతూ ఉంటుంది. ఇంట్లో రెండిడ్లీలతో లేచే మనిషి ఇక్కడ పూరీతో మొదలెట్టి, వడతో సాగించి, ఉప్మా రుచి చూసి, చివర్లో బ్రెడ్డు జాము కూడా వదిలిపెట్టడు. అత్తయ్య మాత్రం ఇడ్లీ తిని, ఇంకో రెండు కాగితం రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది. రైల్వే జ్ఞానం.

మూడోరోజు బొర్రా. మెట్లు దిగుతుండగానే ఆయనకి తలనొప్పి మొదలైందట. నా దగ్గర పుస్తక పరిజ్ఞానం సిద్ధంగా ఉంది కదా. "దీనికో పేరుంది. లీజర్ సిక్‌నెస్. నెదర్లాండ్స్‌లో వింగర్‌హూట్స్ అనే సైకాలజిస్టు పెట్టాడు. పనిలో ఉన్నన్నాళ్లూ ఏమీ ఉండదు, సెలవు రాగానే తలనొప్పో జలుబో పట్టుకుంటాయి. నూటికి ముగ్గురికి ఉంటుందట" అని ఉపన్యాసమిచ్చాను. నూటికి ముగ్గురిలో తానొకణ్నన్న సంగతి ఆయనకి కాస్త గర్వంగానే అనిపించినట్టుంది.

సాయంత్రం అరకు బజారులో మెడికల్ షాపు కుర్రాడు బీపీ చూశాడు. 160/100. "మాత్రలేస్కోట్లేదేటి సార్?" అన్నాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మాత్రలు లాప్‌టాప్ సంచి పక్కజేబులో ఉన్నాయి. లాప్‌టాప్ సంచి బీరువాలో ఉంది. పనిని బంధించామనుకుని రెండు రోజులపాటు ఆరోగ్యాన్ని బంధించాం. ఆయన మరిచిపోయారు సరే, ప్రతిరోజూ ఆయనకి మాత్ర గుర్తుచేసే నేను కూడా మరిచిపోయాను. ఇంట్లో మాత్ర గుర్తొచ్చేది కాఫీ గ్లాసు పక్కన. ఇక్కడ ఆ బల్లే లేదు. డాక్టరుకి ఫోను చేస్తే, పోయినవాటి కోసం డబుల్ వేయొద్దు, ఈరోజుది వేసి, రేపట్నుంచి మామూలుగా కానివ్వండి, తలనొప్పి పెరిగినా గుండెల్లో ఏమైనా అనిపించినా ఆస్పత్రికి వెళ్లండి అన్నారు.

మన దేశంలో మా ఇల్లు వింతేమీ కాదు. ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో తేల్చిన లెక్కల్లో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి రక్తపోటు. అంటే ఈ సీజన్లో ఏ కొండెక్కే రైలు పెట్టెలో చూసినా పులిహోర డబ్బాలతో సమానంగా మందుల డబ్బాలుంటాయి. అవి ఎప్పుడూ మనిషి చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసులో కాదు, ఆఫీసు సంచిలో అసలే కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే దాన్ని ఎండలో నిలిపిన కారులో వదలకూడదు, గదిలోని ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలోనూ పెట్టకూడదు, గడ్డకట్టి కరిగింది పనికిరాదు. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో చెప్పింది. ముప్పు మొత్తంమీద చిన్నదే, అయినా రైల్లో లేచి నాలుగడుగులు వేస్తే పోయేదేం లేదు, సీటు మాత్రం పక్కవాడికి అప్పజెప్పి వెళ్లాలి.

అడుగులంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి చేతి గడియారం రోజుకి పదివేల అడుగులు అని నస పెడుతుంది. ఆ పదివేలు ఏ డాక్టరు చీటీలోంచీ రాలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల మీటరు పేరు 'మాన్‌పో-కే', అంటే పదివేల అడుగుల మీటరని. పేరు బాగుందని ప్రపంచం పట్టుకుంది. వారానికి నూటయాభై నిమిషాలు కాస్త చెమట పట్టేలా నడిస్తే చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సెలవులో ఊరు చూస్తూ నడిచే నడక అందులోకే వస్తుంది. దానికి వేరే గంట కేటాయించి, మళ్లీ దాని గురించి గొడవపడక్కర్లేదు.

గుహ ముందు కూర్చున్న అత్తయ్య

బొర్రాలో ఆ మెట్లు చూసి అత్తయ్య, "నా మోకాళ్లు ఇక్కడితో సరి, మీరెళ్లండి" అంది. నేను ఆవిడ దగ్గర ఉండిపోయాను. త్యాగమేమీ లేదు. నాకూ అప్పుడే ఒళ్లంతా ఆవిర్లు వచ్చాయి. చుట్టూ డిసెంబరు చలి, అందరూ స్వెట్టర్లు, మంకీ టోపీలు. నేనొక్కదాన్నే చున్నీతో విసురుకుంటున్నాను. మన దేశంలో ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47 ప్రాంతం. అంటే కుటుంబ విహారాలకి సరిగ్గా డబ్బూ తీరికా సమకూరే వేళకి ఇది కూడా సామానుతో ఎక్కుతుంది. రాత్రి రెండింటికి మెలకువ, పగలు కారణంలేని చిరాకు. ఎక్సెల్ షీటులో దీనికి గడి లేదు.

"నాకూ ఢిల్లీలో అలాగే అయింది" అంది అత్తయ్య ఉన్నట్టుండి. "కుతుబ్‌మీనార్ కాడ. మీ మామయ్యకి చెప్పలేదు, ఏటని చెప్తాం?"

అప్పుడు పాసుల కథలన్నీ బయటికొచ్చాయి. ఇనప ట్రంకు పెట్టె, హోల్డాలు, మరచెంబు. రెండు రోజుల ప్రయాణానికి మూడు రోజుల వంట. సత్రంలో దిగ్గానే కిరసనాయిలు స్టవ్వు. మగవాళ్లూ పిల్లలూ ఊరు చూసొచ్చేసరికి అన్నం, చారు. "కాశీ చూశాను, పూరీ చూశాను, రామేశ్వరం చూశాను. ఇలాగ ఖాళీగా కూర్చుని ఎవరొస్తన్నారో ఎవరెళ్తన్నారో చూడ్డం ఇదే" అని, సంచిలోంచి కాగితం పొట్లం తీసి నాకో ఇడ్లీ ఇచ్చింది. చల్లారిపోయి గట్టిగా ఉంది. బొర్రా గుహలు నేను చూడలేదు. అంతకంటే పాత సంగతులే చూశాను.

2024 కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికోసం రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. సెలవుకి వెళ్తే ఈ లెక్క తగ్గుతుందనుకుంటాం. తడిబట్టలు ఎవరు ఆరేస్తున్నారు, పెద్దావిడకి వేడినీళ్లు ఎవరు అడుగుతున్నారు, పిల్లాడి స్వెట్టరు ఏ సంచిలో ఉందో ఎవరికి తెలుసు? మా ఇంట్లో మూడోరోజు దాకా ఈ మూడింటికీ జవాబు ఒకటే. ఇది ఫిర్యాదు కాదు. కుటుంబం విశ్రాంతి తీసుకుంటోందని తేలిగ్గా అనేస్తాం. ఐదుగురికీ విడివిడిగా ఎంత దక్కిందో ఎవరూ చూడరు. చపాతీలు లెక్కపెట్టి పంచినంత శ్రద్ధగా పంచితే తప్ప అది అందరికీ రాదు.

ఎక్కడికీ వెళ్లని రోజు

బీపీ చూపించుకొచ్చిన రాత్రి షీటులో నాలుగోరోజుని మా ఆయనే చెరిపేశారు. పంచాయితీ తీర్పు కూడా సవరించాం. నిషేధం అన్నది మా ఇంట్లో పనిచేయదని తేలిపోయింది. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఆఫీసుకి. ఆ గంటన్నరా ఆయన్నెవరూ పలకరించకూడదు, కాఫీ కూడా పక్కన పెట్టి వచ్చేయాలి. ఎనిమిది కొట్టాక ఆయన ఫోను అత్తయ్య పర్సులో ఉంటుంది. ఏదైనా కొంప మునిగే సంగతైతే టీమ్‌లో ఒకతనికి నా నంబరు ఇచ్చాం. నిజం చెప్పనా, ఆ రెండు రోజుల్లో నాకు ఒక్క ఫోను కూడా రాలేదు. అది ఆయనకి కొంచెం బాధ కలిగించింది.

నేనూ ఆ గంటన్నరలోనే నా వ్యాసం ముందేసుకుని కూర్చున్నాను. రెండు పేరాలు రాసి కొట్టేశాను.

తర్వాత రోజంతా వరండాలోనే. ఎదురుగా వలిసె చేలు కోతకొచ్చి పసుపు వెలిసిపోతోంది. పక్కనే సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. డిసెంబరు కదా, పండ్లు ఎర్రబడి ఉన్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్యాకెట్టు మీద చదివాం. కానీ ఆ పండు కొరికితే తియ్యగా ఉంటుందని మాకెవరికీ తెలియదు. తోటలో కోస్తున్న ఆవిడ మా అమ్మాయి చేతిలో గుప్పెడు పోసి, నోట్లో పెట్టుకోమని సైగ చేసింది. పల్చటి తీపి గుజ్జు, లోపల జారుడు గింజలు రెండు. వాటిలో కాఫీ వాసన ఏ కోశానా లేదు.

మధ్యాహ్నానికి పిల్లలకి విసుగు పుట్టింది. పుట్టనిచ్చాం. ఇంట్లో అయితే ఆ విసుగు పూర్తిగా పుట్టకముందే ఫోను చేతికొస్తుంది. ఇక్కడ వైఫై అంతంతమాత్రం. అత్తయ్య సుద్దముక్క ఎక్కడ సంపాదించిందో, వరండా గచ్చుమీద అష్టాచమ్మా గళ్లు గీసింది. గవ్వలు లేవు. చింతపిక్కలు అరగదీసింది. పావులుగా మా అమ్మాయి తినేసిన కాఫీ పండ్ల గింజలు. నాలుగు ఆటల్లో మూడు అత్తయ్యే గెలిచింది, ఒకటి మావాడు తొండి చేసి గెలిచాడు. మా ఆయన ఆటలో సగంలోనే అక్కడే చాపమీద నిద్రపోయారు. నోరు తెరుచుకుని, ఒక చేయి గళ్లమీద వేసి. అత్తయ్య పావుని ఆ చేతి చుట్టూ తిప్పి తీసుకెళ్లింది గానీ చేయి జరపలేదు.

తెల్లారి బీపీ 138/88. మాత్రల వల్లా, నిద్ర వల్లా అని నేను అనుకున్నాను, అష్టాచమ్మా వల్ల అని అత్తయ్య అంది. గుండెజబ్బు ముప్పున్న 12,338 మంది మధ్యవయసు మగవాళ్లని తొమ్మిదేళ్లు గమనించిన అమెరికన్ అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. ఏటేటా సెలవు తీసుకున్నవాళ్లలో మరణాలు తక్కువట. ఇది చదివి సెలవుని మందుబిళ్ల అనుకోకండి. ఏటేటా విహారానికి వెళ్లగలిగేవాడికి మొదట్నుంచీ డబ్బూ ఒంట్లో ఓపికా రెండూ కాస్త ఎక్కువే ఉండి ఉంటాయి. పరిశోధకులు ఆ తేడాలు తీసేసి చూసినా కొంత మిగిలిందన్నారు. ఆ కొంత ఏమిటో ఆ మధ్యాహ్నం చాపమీద నాకు కనపడినట్టే అనిపించింది.

ఉతికిన బట్టలు

హైదరాబాదు వచ్చాక మూడు ట్రిప్పులు వాషింగ్ మెషిన్ తిరిగింది. సెలవు వల్ల వచ్చే ఉల్లాసం తిరిగొచ్చిన మొదటి వారంలోనే ఇంకిపోతుందని ఇలాంటి పరిశోధనల్లో పండిపోయిన జెస్సికా డి బ్లూమ్ చెబుతుంది. పొడుగు సెలవైనా పొట్టి సెలవైనా కరిగే వేగంలో పెద్ద తేడా లేదట. మా ఇంట్లో మంగళవారానికే సగం కరిగింది. బుధవారం అమ్మాయి ఇంటర్నల్స్, గురువారం కరెంటు బిల్లు. అందుకని మూడేళ్లకోసారి సింగపూర్ అనుకునే బదులు మూణ్నెల్లకోసారి రెండు రోజులు ఎక్కడికో వెళ్దామని తీర్మానించాం. నాగార్జునసాగర్, లేదంటే బీదర్. షీటు మా ఆయన వేస్తారు. స్పాట్లు మాత్రం రెండుకి మించకూడదని మాట తీసుకున్నాను. మూడుకి ఒప్పుకున్నాను.

మూడో ట్రిప్పులో మెషిన్ డ్రమ్ము అడుగున ఏదో గలగలమంది. తీసి చూస్తే ఆయన ప్యాంటు జేబులోంచి రాలిన కాఫీ గింజలు నాలుగు. పొట్టు పోయి తెల్లగా ఉన్నాయి. కిటికీ గట్టుమీద పెట్టాను.

శుక్రవారం రాత్రి తొమ్మిదింబావు. అన్నాలు తింటున్నాం. బల్లమీద ఆయన ఫోను మోగింది. స్క్రీనుమీద పేరు చూశారు. పెరుగన్నంలో చేయి. నా వైపు చూసి, ఎడం చేత్తో ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకుని కాస్త దూరంగా జరిపి, "హలో... హలో... వినపడట్లేదు... టన్నెల్లో ఉన్నా" అన్నారు.

మావాడు కంచం ముందు కూర్చునే, గొంతు చించుకుని సొరంగం కేక పెట్టాడు.